ఎదురుచూడని పిల్ల

“వేళ్లు వదులుగా పెట్టు వదినా. గాజుకు నీ మీద కోపం లేదు, నీకే దాని మీద ఉన్నెట్లుండాది,” అంటూ దిల్షాద్ బీ పంకజాక్షి కుడిచేతిని తన ఒళ్లోకి లాక్కుంది.

బొటనవేలిని అరచేతి లోపలికి మడిచింది. కణుపులను మెత్తగా పిసికి, ఎముక ఎక్కడ దారిస్తుందో తడుముకుంటూ ఆకుపచ్చ గాజును కొద్దికొద్దిగా తిప్పుతోంది. కార్వేటినగరంలో పాత కోట వీధి మొదట్లో ఉన్న ఆ గాజుల అంగడిలో ఆమె చేతికి లొంగని మణికట్టు లేదు. కొత్తకోడళ్ల చేతులు వెన్నలా ఉంటాయని, మామిడితోటలో పనిచేసే పంకజాక్షి లాంటి వాళ్ల చేతులు మాత్రం అడిగి అడిగి ఒప్పించుకోవాలని ఆమె అంటూ ఉంటుంది.

జయరావు స్కూటరు ఆపి, హెల్మెట్ చంకలో పెట్టుకుని మెట్లెక్కాడు. జూనియర్ కాలేజీలో తెలుగు చెప్తాడు. ఊళ్లో సాహితీ సమితి అంటే ఆయనే.

“దిల్షాదమ్మా, ఆకుపచ్చ మట్టిగాజులు కావాల. నిండా మంచివి.”

“ఏ సైజు సార్?”

“సైజుతో పనిలేదు. తొడుక్కునే మనిషి బతికి లేదు.”

దిల్షాద్ బీ తలెత్తి చూసింది. పంకజాక్షి కూడా చూసింది.

“ఆదివారం కవిగారి ఊరికి బస్సు పోతాంది కదమ్మా. గూడూరు అవతల, సముద్రం ఒడ్డు. ఆయన ఇల్లుండాది. ఇంటిముందర ఒక అరుగుండాది. ఆయన పద్యంలో నిమ్మతోట పిల్ల లేదా, ఆయన్నే తలుచుకుంటా, ఎదురుచూసి ఎదురుచూసి ఆ పిల్ల పానం ఇడిచింది ఆ అరుగు మీదే. ఇప్పుడు అది పేరంటాలు గుడి మాదిరి అయిపోయింది. పెళ్లి కాని పిల్లోళ్లు నిమ్మకాయలు పెడతారు, గాజులు కడతారు. మన సమితి తరఫున శిలాఫలకం చెక్కించినాము. ఆదివారం ఆడ నాటేస్తాం.” జయరావు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. ఆ పిల్ల సంగతి ఎత్తితే ఆయన కళ్లు ఎప్పుడూ చెమరుస్తాయి. “మీ మనవరాలు హేమశ్రీనే ఆ పద్యం చదివేది, పంకజమ్మా. మీరూ రాండి.”

చిటుక్కుమని గాజు చిట్లింది.

పంకజాక్షి మణికట్టు దగ్గర సన్నగా నెత్తురు చిమ్మింది. దిల్షాద్ బీ కొంగుతో అదిమి పట్టి, నవ్వుతూనే డజను గాజులు కాగితంలో చుట్టి జయరావును సాగనంపింది. స్కూటరు మలుపు తిరిగేదాకా ఆగింది. అప్పుడు నవ్వు ఆపేసింది.

“నా చేతిలో గాజు చిట్లి ఎన్నేండ్లయిందో వదినా. ఆ సార్ ‘పానం ఇడిచింది’ అన్నప్పుడు నీ చెయ్యి రాయి మాదిరి బిగుసుకునింది. ఏందది?”

పంకజాక్షి కొంగు తొలగించి నెత్తురు ఆగిందో లేదో చూసుకుంది.

“ఆ పిల్ల నేనే,” అంది.

*

శనివారం పొద్దున హేమశ్రీ అవ్వను వెంటబెట్టుకుని జయరావు ఇంటికి వెళ్లింది. రాయి వసారాలో గోడకు ఆనించి ఉంది. నల్లరాయి. ముందువైపు అద్దంలా నునుపు పట్టారు. వెనకవైపు ఉలి గాట్లు అలాగే వదిలేశారు. అక్షరాల్లో తెల్లరంగు ఇంకా పూర్తిగా ఆరలేదు.

హేమశ్రీ పైకి చదివింది. “‘ఇక్కడే కూర్చుని, కవి రాకకై ఎదురుచూసి, కన్నుమూసిన నిమ్మతోట పిల్ల స్మృతికి.’ ఎంత బాగుండాది కదవ్వా?”

పంకజాక్షి అక్షరాల మీద వేలు పెట్టింది. ‘కన్నుమూసిన’ దగ్గర వేలికి తెల్లరంగు అంటింది.

“ఎవురు చెప్పినారు కన్నుమూసిందని?”

“పద్యంలోనే ఉండాదవ్వా.” హేమశ్రీ ఒకటి రెండుసార్లు గొంతు సవరించుకుని, రేపటికోసం వారంగా సాధన చేస్తున్న వరుసలో అందుకుంది.

“నిమ్మపూల వాసనొకటి నీటి ఒడ్డున నిలిచిపోయె,
నేను రాని దారి చూసి నెత్తి నెరిసి నేల రాలె…”

ముగించేసరికి పిల్ల కళ్లలో నీళ్లు తిరిగాయి. డిగ్రీ రెండో ఏడు చదువుతోంది. నవ్వినా ఏడ్చినా ముక్కు ఎర్రబడుతుంది. “ప్రేమంటే అట్లుండాలవ్వా. ఇంగేం అడక్కుండా, యాడికీ పోకుండా, అట్లే కూర్చోని సచ్చిపోవాల. ఇప్పుడు ఎవురున్న్యారు అట్ల?”

పంకజాక్షి వేలికంటిన రంగును చీర అంచుకు తుడుచుకుంది.

ఎన్నో ఏళ్లుగా ఆ పద్యం పాఠ్యపుస్తకంలో ఉందని ఆమెకు తెలుసు. కొడుకు చదివినప్పుడు విని నవ్వుకుంది. ఎవరో ఏదో రాసుకున్నారు, పుస్తకం మూస్తే మూసుకుపోతుంది అనుకుంది. ఆ కథను తన మనవరాలు మనసులో పెట్టుకుని పెరుగుతుందని మాత్రం అనుకోలేదు.

సాయంత్రం తోటకు వెళ్లింది. మామిడి పూత మీద ఉంది. భర్త మునివెంకటప్ప డ్రమ్ములో మందు కలిపి కట్టెతో తిప్పుతున్నాడు. పంకజాక్షి పైపు పట్టుకుంది. మందు కొట్టేటప్పుడు ఇద్దరూ మాట్లాడుకోరు, మూతులకు గుడ్డలుంటాయి. ఒక వరుస అయ్యాక ఆమే గుడ్డ కిందికి లాగింది.

“పెండ్లికి ముందు నన్నొక ఇస్కూలు అయ్యవారు అడిగినాడు.”

“తెలుసు.”

“ఎట్ల తెలుసు?”

“మీ నాయన చెప్పినాడు. మా పిల్ల ఒకర్ని వద్దనింది, నిన్ను కూడా వద్దంటే చెప్పలేనబ్బా అన్న్యాడు. నేను భయపడుకుంటా వచ్చినా.” మునివెంకటప్ప డ్రమ్ములోకి తొంగి చూశాడు. “ఆ అయ్యవారే ఈ కవి అని మాత్రం టీవీలో ఆయన సచ్చిపోయిన పొద్దు తెలిసింది. గూడూరులో పనిచేసినాడని చెప్పినారు.”

“ఇన్నేండ్లు నువ్వు ఒక మాట అడగలేదే.”

“నువ్వు నన్ను వద్దనలేదు కదా. ఇంగేం అడగాల?”

పంకజాక్షి పైపును ఆ చేతి నుంచి ఈ చేతికి మార్చుకుంది. “నేను ఆడ కూర్చోని సచ్చిపోయినానంట. రేపు రాతికెక్కిస్తా ఉండారు. నేను నోరు తెరిస్తే ఊరంతా నవ్వుతాది. ముసిల్దానికి ఇప్పుడు కావాల్సొచ్చిందా ఈ భాగోతం అంటారు. కొడుకు తలెత్తుకోలేడు.”

“కాగితం చినిగిపోతాది మే. రాయి యాడికీ పోదు.” మునివెంకటప్ప మూతికి గుడ్డ కట్టుకుని కట్టె అందుకున్నాడు. గుడ్డ లోపలినుంచి మళ్లీ గొంతు వినిపించింది. “సచ్చిపోయినావని రాస్తే నేనెవురితో కాపురం చేస్తా ఉన్నట్టు?”

*

బస్సు తెల్లారకముందే కదిలింది. పుత్తూరు దాటేసరికి వెనక సీట్లో అమ్మాయిలు పాటలందుకున్నారు. ఏర్పేడు దగ్గర ఇడ్లీలు, నాయుడుపేట దగ్గర టీలు అయ్యాయి. శిలాఫలకం డిక్కీలో గోనెసంచుల మధ్య ఉంది. గుంత వచ్చినప్పుడల్లా అది ధడేల్మంటే, జయరావు సీట్లోంచి లేచి “మెల్లగప్పా, మెల్లగ” అని డ్రైవరును బతిమాలుతున్నాడు. దిల్షాద్ బీ కిటికీ పక్కన కూర్చుంది. పంకజాక్షి మోకాలి మీద చెయ్యి వేసి ఉంచింది. చెప్తావా అని అడగలేదు.

గూడూరు దాటి, రొయ్యల గుంతల మధ్యనుంచి సన్నటి రోడ్డు పట్టాక గాలి మారింది. సరుగుడు తోటలు మొదలయ్యాయి. తోటలు తెగిపోయిన చోట సముద్రం కనబడింది. బస్సంతా కేక వేసింది.

కవిగారి ఇల్లు పెంకుటిల్లు. సముద్రానికి ఎదురుగా వసారా. వసారాలో పడక కుర్చీ, దాని చుట్టూ తాడు. గోడల నిండా శాలువాలు, సన్మాన పత్రాలు, ఫోటోలు. ఇంటిని కవిగారి తమ్ముడి కొడుకు చిన్నబ్బ చూసుకుంటున్నాడు. నలభై దాటిన మనిషి, బక్కగా, నవ్వుతూ ఉన్నాడు. వచ్చిన ప్రతి బస్సుకీ చెప్పే మాటలు కాబట్టి ఎక్కడా తడుముకోకుండా చెప్పుకుపోయాడు. ఈ కుర్చీలోనే రాసేవారు. ఈ కిటికీలోంచే చూసేవారు. అదిగో, ఆ అరుగు మీదే ఆ పిల్ల…

అరుగు సరుగుడు చెట్ల మొదట్లో ఉంది. సిమెంటుతో కట్టింది. పసుపు పూసి, కుంకుమ బొట్లు పెట్టారు. మీద నిమ్మకాయలు, కొన్ని పచ్చివి, కొన్ని ఎండి గోళీల్లా గట్టిపడినవి. పక్కనున్న కొమ్మకు గాజులు గుత్తులుగా వేలాడుతూ గాలికి గలగలమంటున్నాయి.

చిన్నబ్బ ఒక నిమ్మకాయ తీసి, కుంకుమ అద్ది పంకజాక్షి చేతిలో పెట్టాడు. “కండ్లకద్దుకోమ్మా. శానా సత్యం గల తల్లి. నీ మనవరాలికి బిన్నా, ఈ యాడాదే పెండ్లయితాది.”

దిల్షాద్ బీ మూతికి కొంగు అడ్డం పెట్టుకుంది. భుజాలు అదిరిపోతున్నాయి. “కానీ వదినా, మొక్కుకో. నీకు నువ్వు మొక్కితే కాదంటావా ఏంది!”

పంకజాక్షి నిమ్మకాయను బొటనవేలితో నొక్కి చూసింది. నిమ్మకాయల మండీలో పుట్టి పెరిగిన అలవాటు. రసం లేదు. పక్కన పెట్టేసింది.

ఆడవాళ్లు గాజులు కట్టారు. జయరావు మాట్లాడాడు. మాట్లాడుతూ ఒకచోట ఆగిపోయి, కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. మేస్త్రీ అరుగు ముందు గుంత తవ్వి, సిమెంటు కలిపి, తాపీ పట్టుకుని సిద్ధంగా ఉన్నాడు. నలుగురు మగవాళ్లు గోనెసంచుల్లోంచి రాయిని ఎత్తారు. హేమశ్రీ పద్యం చదవడానికి ముందుకొచ్చి నిలబడింది. ముక్కు అప్పుడే ఎర్రబడింది.

పంకజాక్షి చిన్నబ్బ వైపు తిరిగింది.

“నీళ్ల చెలమ యాడుండాదబ్బా? సరుగుడు తోట అవతల ఉండె.”

చిన్నబ్బ నవ్వు ఆగిపోయింది. “చెలమా? అది పూడిపోయి యాండ్లయింది. కొళాయి వచ్చినాక ఎవురూ పోలా. దాని సంగతి నీకెట్ల తెలుసమ్మా? ఈడికి వచ్చినోళ్లు ఇంతవరకు ఎవురూ అడగలేదే.”

“ఒకసారి ఆడినుంచి నీళ్లు మోసినా.” పంకజాక్షి గొంతు పెంచలేదు. అయినా దగ్గరున్న వాళ్లు తలలు తిప్పారు. “జయరావు సారూ, ఆ రాయి నాటొద్దు. ఆ పిల్ల సచ్చిపోలేదు. ఎదురు కూడా చూడలేదు. నేనే ఆ పిల్లని.”

ఎవరో కిసుక్కున నవ్వారు. సమితిలో పెద్దాయన ఒకాయన పక్కవాడితో “వయసైంది పాపం, ఎండ దెబ్బ కూడా” అన్నాడు.

“ఎండ నీకు కొట్టింది!” దిల్షాద్ బీ ఆయన మీదికి తిరిగింది. “ఆమె చెప్పేది పూర్తిగా విను. తర్వాత కొట్టిందెవురికో చూద్దాం.”

“అమ్మా,” అన్నాడు జయరావు మెల్లగా, “మీరేదో పొరపాటు పడినట్టుండారు…”

“సార్, నాటేదా దించేదా?” రాయి మోస్తున్న వాళ్లలో ఒకడు పళ్లు బిగబట్టి అడిగాడు. “చేతులు పీకతా ఉండాయి.”

“దించండప్పా, కాళ్ల మీద పడేరు,” అంది పంకజాక్షి. వాళ్లు దించారు. ఆమె మనవరాలి వైపు చూసింది. ఇక ఆ పిల్లకే చెప్పింది.

“గూడూరులో మా నాయన మండీ పక్కనే ఆయన బాడుగకుండేవాడు. ఇస్కూల్లో అయ్యవారు. నన్నిమ్మని మా నాయన్నే నేరుగా అడిగినాడు, అందులో తప్పేం లేదు. ఇల్లు చూడకుండా ఇయ్యనన్న్యాడు మా నాయన. నేనూ చూస్తానని మొండికి పడితిని. ఇద్దరం వచ్చినాము. ఆయన ఆ కుర్చీలోనే కూర్చోని ఉన్న్యాడు, ఒళ్లో కాగితాలతో. వాళ్లమ్మ మాకు నీళ్లిద్దామని చూస్తే కుండ వట్టిది. బిందె తీసుకోని ఎండలో బయల్దేరింది. ముసిలామె. ఆయన లేవలా. నేనామె వెంట పోతిని. ఈ ఇసక చూసినారు కదా, ఉత్తకాళ్లకే దిగబడతాది. నీళ్ల బిందెతో ఎట్లుంటాదో చూడు. సగం దారిలో ఆయమ్మకు ఆయాసం తగులుకునింది. బిందె లాక్కోని నేనెత్తుకున్న్యా. వస్తా ఉంటే ఆయన మమ్మల్ని చూసినాడు. మొగమంతా ఎలిగిపోయింది.”

ఆమె వసారాలోని కుర్చీ వైపు చెయ్యి చూపింది.

“‘అట్లే నిలబడు పంకజం. చూసేదానికి శానా బాగుండాది’ అన్న్యాడు. కాగితం తీసినాడు, రాసుకునేదానికి.”

“నిలబడినావా అవ్వా?” హేమశ్రీ గొంతు కీచుగా వచ్చింది.

“నెత్తిన నీళ్ల బిందె, కాలికింద నిప్పుల మాదిరి ఇసక. యాల నిలబడతా? వచ్చి, ఆయన కుర్చీ ముందర దించి, నీళ్లు తాగండయ్యవారూ, మేం పోతామంటిని. మా నాయన ఒక్క మాట అడగలేదు. చెప్పులు తొడుక్కున్న్యాడు.”

జయరావు కళ్లద్దాలు చేతిలోనే ఉండిపోయాయి. “మరి… దీనికి సాక్ష్యం…” అని ఏదో అనబోయాడు.

చిన్నబ్బ అరుగు మీద కూలబడ్డాడు. పసుపు పంచెకు అంటుకున్నా చూసుకోలేదు.

“మా అవ్వ చెప్పేది,” అన్నాడు. “మా పెదనాయన వాళ్లమ్మ. సచ్చేదాకా చెప్తానే ఉండె. గూడూరు నుంచి ఒక పిల్ల వచ్చింది, నా నెత్తిమీది బిందె దించింది, నా కొడుకును కాదని ఎలబారి పోయింది, మంచిపని చేసింది అని. ఆమాట మా పెదనాయన ముందరే అనేది. ఆయన వినపడనట్టు రాసుకునేవాడు.”

“తెలిసీ మాకు ఆ ఏడుపు కత చెప్తా ఉండావా!” జయరావు గొంతులో కోపంకన్నా దెబ్బ ఎక్కువుంది.

“ఏం చేద్దును సార్? బస్సు దిగేటప్పుడే రుమాలు చేతిలో పట్టుకోని దిగుతారు మీరు. ఆ పిల్ల వద్దని పోయిందంటే ఎవురింటారు? ఈ అరుగు కూడా నేను కట్టించిందే, చేపలు అమ్మేవాళ్లు కూర్చునేదానికి. నిమ్మకాయలు మీవాళ్లే పెట్టడం మొదలుపెట్టినారు.”

ముందు నవ్వింది దిల్షాద్ బీ. ఆ తరువాత అమ్మాయిలు. ఎండ దెబ్బన్న పెద్దాయన కూడా నవ్వాడు, ఎటు చూడాలో తెలియక.

జయరావు నవ్వలేదు. రాయి దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు. “నేను కాలేజీలో చేరిన ఏడు నుంచి చెప్తా ఉండానమ్మా ఈ పద్యం. పిల్లోళ్లు ఏడిస్తే బాగా చెప్పినాననుకునేవాణ్ని.” తలెత్తాడు. “ఆయన అట్ల యాల రాసినట్టు?”

“నేను నిలబడుంటే బాగుండునని ఆశపడినాడేమో. రాసుకోనీ. ఆయన పద్యం ఆయనిష్టం. రాతికి మాత్రం ఎక్కించొద్దు.”

“ఇప్పుడీ రాయి ఏం చేసేది?” అన్నాడు మోసినవాడు. “మళ్లీ డిక్కీలోకంటే నాతో కాదు.”

పంకజాక్షి చుట్టూ చూసింది. ఇంటి పక్కన వీధి కొళాయి ఉంది. ఊరి ఆడవాళ్లు ఇద్దరు బిందెలతో నిలబడి ఈ గోలంతా వింటున్నారు. కొళాయి కింద బురద. వాళ్ల కాళ్లు చీలమండల దాకా అందులోనే ఉన్నాయి.

“ఆడ పరచండి. అక్షరాలు కిందికేసి. పైన గరుకుంటే కాలు జారదు.”

జయరావు ఒక్క క్షణం ఆలోచించాడు. తరువాత చొక్కా చేతులు మడిచి, మోసినవాళ్లను పక్కకు జరగమని, రాయికి ఒక మూల తనే పట్టాడు. మేస్త్రీ కలిపిన సిమెంటు అక్కడే కుమ్మరించాడు. రాయి బురదలో సర్దుకుంటూ చప్‌మని చప్పుడు చేసింది. నిలబడున్న ఇద్దరిలో ఒకామె మొదట కాలితో తట్టి చూసింది, తరువాత రాయి మీదికెక్కి బిందె పెట్టి కొళాయి తిప్పింది.

“అవ్వా, నేనిప్పుడు పద్యం చదవాల్నా వద్దా?” హేమశ్రీ కాగితం నలుపుతూ అడిగింది.

“చదువు. బాగుండాది పద్యం. అది నేను కాదు, అంతే.”

హేమశ్రీ సముద్రానికి వీపు పెట్టి చదివింది. నిన్నటి వణుకు గొంతులో లేదు. ‘నెత్తి నెరిసి నేల రాలె’ దగ్గరికొచ్చేసరికి, నెరిసిన తలతో అరుగు మీద కాళ్లు బార్లా చాపుకుని, తన కోసం పెట్టిన నిమ్మకాయల్లోంచి రసమున్నవి ఏరి పక్కకు పెడుతున్న అవ్వ కళ్లబడింది. పిల్లకు నవ్వు ఆగలేదు. మిగతా పద్యం నవ్వుతూనే చదివింది. అందరికీ నచ్చింది. మధ్యాహ్నం ఆ నిమ్మకాయలే మజ్జిగలోకి పిండారు.

*

తిరుగుప్రయాణంలో బస్సు సందడిగా ఉంది. జయరావు ముందు సీట్లోంచి వెనక్కి వచ్చి, రేపు క్లాసుకు వచ్చి పిల్లలకు ఇదంతా చెప్తారా అని పంకజాక్షిని అడిగాడు. తోటలో మందు ఇంకా రెండు వరుసలు మిగిలుందని, అదయ్యాక వస్తానని చెప్పింది. హేమశ్రీ ఫోన్లో తాతకు జరిగిందంతా చెప్పి, అవతల ఆయన ఏమన్నాడో చెప్పకుండా నవ్వుకుంటోంది.

రొయ్యల గుంతల మీద ఎండ వాలింది. దిల్షాద్ బీ కిటికీ అద్దం మూసి, గాలి చప్పుడు తగ్గాక, స్నేహితురాలి చెవి దగ్గరికి వంగింది.

“ఒకటి అడుగుతా. నిజం చెప్పు వదినా. ఆయనంటే ఇష్టముండెనా?”

గట్ల మీద కొంగలు లేచి, మళ్లీ వాలాయి.

“ఇష్టం లేనోడి ఇల్లు చూసేదానికి అంతదూరం యాల పోతానే?”

దిల్షాద్ బీ ఆమె చెయ్యి పట్టుకుంది. మెల్లగా అడిగింది. “మరి ఏడ్చినావా?”

“ఏడ్చినా. ఎర్రబస్సులో మా నాయన భుజం తడిసిపోయేదాకా ఏడ్చినా. ఆయనేం అనలా, తల నిమురుతా కూర్చున్న్యాడు. గూడూరు వచ్చింది. ఆకలేసింది. దిగి రెండు దోసెలు తిన్న్యా. ఇంగొకటి చెప్తావా నాయనా అని నేనే అడిగితిని.”

బస్సు రైలుగేటు దాటింది. రోడ్డుకు రెండువైపులా గూడూరు దీపాలు వెలుగుతున్నాయి. పంకజాక్షి సీటు కడ్డీ పట్టుకుని లేచి నిలబడింది.

“డ్రైవరన్నా,” అని కేకేసింది, బస్సంతా వినబడేలా. “ఈడ దోసెలు మంచిగా పోసే చోట ఆపప్పా. ఆకలిగా ఉండాది.”